ముందు ఎవరిని చూడవలెను?

మన జిల్లా కేంద్రములందలి పెద్దాసుపత్రులలో అత్యవసర విభాగము వాకిట ఒక గంటసేపు నిలిచినవారికి ఈ మాట తప్పక వినబడును: "మేము ముందొచ్చాము. మా తరువాత వచ్చినవాళ్లను ముందు లోపలికి పంపారేమిటి?" అడిగినవాని కంఠమున కోపమున్నది, ఆ కోపమున న్యాయము కూడ ఉన్నట్లే తోచును. రేషను దుకాణము కడ, రైలు టిక్కెట్ల కిటికీ కడ, ఫీజు కట్టు బల్ల కడ మనము నేర్చిన ధర్మమొక్కటే: ముందు వచ్చినవానిది ముందు వంతు. ఉపాధ్యాయులు చిన్నపిల్లలకు నేర్పు మొదటి పౌరధర్మము కూడ వరుసలో నిలుచుటయే కదా! అట్టి ధర్మమును ఆసుపత్రి వాకిట ప్రక్కకు నెట్టి, దాని స్థానమున వేఱొక ధర్మమును నిలుపుచున్నారు. అది ఎట్లు పుట్టినది, ఎంతవఱకు న్యాయము, ఎచ్చట అన్యాయముగా మాఱగలదు అను విషయములను విద్యార్థులు, ఉపాధ్యాయులు కొంత తెలిసికొనుట మంచిది. ఏలయన ఆ వాకిట నిలువవలసిన దినము ఎవరికైనను రావచ్చును.

వైద్యులు దీనిని ట్రయాజ్ అందురు. ఇది ఫ్రెంచి మాట. ఏరుట, వేఱుపఱచుట అని దీనికి అర్థము. వైద్యశాలలో ప్రవేశింపకముందు ఇది అంగడిలో తిరిగిన మాట. ఉన్నిని నాణ్యము ననుసరించి విడదీయుటకును, కాఫీ గింజలను ఏరుటకును దీనిని వాడెడివారు. గుంటూరు ప్రాంతమున స్త్రీలు మిరపకాయల రాశి ముందు కూర్చుండి మంచి కాయను, తాలు కాయను వేఱుచేయుచుండగా చూచినవారికి ఈ మాట పుట్టుక చక్కగా బోధపడును. ఇందొక చమత్కారమున్నది. కాఫీ వర్తకుల నోట ఈ మాటకు విఱిగిన గింజలు, అనగా అన్నిటికంటె తక్కువ రకపు సరకు, అని కూడ అర్థముండెడిది. అంగడిలో విఱిగినది చివఱకు పోవును. వైద్యుని చేతిలో పడిన పిమ్మట ఆ వరుస తలక్రిందులైనది. ఎక్కువ విఱిగినవాడు ముందుకు రావలెను. తెలుగున దీనికి స్థిరపడిన పదము లేదు. ఈ వ్యాసమున "తరతమ నిర్ణయము" అని వ్రాయుచున్నాను. ఇంతకంటె తేలికైన మాట విద్యార్థులెవరైన కల్పించినచో నాకు సంతోషమే.

వరుసను తలక్రిందులు చేసినవారిలో ముందుగా చెప్పదగినవాడు నెపోలియను సైన్యమునందు శస్త్రవైద్యుడుగా నుండిన డొమినిక్ జాఁ లారే. ఈయన 1766లో పిరెనీసు పర్వతప్రాంతమున పుట్టెను. 1792లో రైను నది ప్రాంతపు యుద్ధమున ఈయన ఒక ఘోరమును చూచెను. గాయపడిన సిపాయిలు యుద్ధము ముగియువఱకు పడినచోటనే పడియుండిరి. వైద్య శకటములు సైన్యమునకు చాలదూరము వెనుక నిలిచియుండెను. అవి వచ్చి చేరుసరికి పలువురి ప్రాణములు గాలిలో కలసిపోయెడివి. గుఱ్ఱములు లాగు తేలిక ఫిరంగులు రంగమున మెఱుపువలె తిరుగుట చూచి, చంపు సాధనము అంత వేగముగా పోగలిగినప్పుడు బ్రతికించు సాధనమేల పోరాదని ఆయన యోచించెను. అట్లు పుట్టినవే "ఎగిరెడు ఆంబులెన్సులు". నేడు మన వీథులలో కూతవేయుచు పోవు 108 వాహనమునకు అవి దూరపు పూర్వులు.

బండ్లు వేగముగా తిరిగినకొలది గాయపడినవారు ఒక్కచోటికి గుంపులుగా వచ్చి పడసాగిరి. కత్తిపట్టగల చేతులు కొద్ది, కోయవలసిన కాళ్లు చేతులు వందలు. 1812లో రష్యాపై దండెత్తినపుడు బోరొడినో యుద్ధమున లారే ఒక్క దినములోనే ఇంచుమించు 200 అంగచ్ఛేదములు చేసెనని చెప్పుదురు. ఆ దండయాత్రను గూర్చిన తన స్మృతులలో ఆయన ఒక నియమమును వ్రాసెను. దాని తాత్పర్యమేమన, ప్రమాదకరముగా గాయపడినవారిని మొట్టమొదట చూడవలెను. వారి హోదాను, పదవిని లెక్కింపరాదు. తక్కువ గాయములవారు ఆగవలెను. ఈ నియమము నేడు మనకు సామాన్యముగా కనబడును. కాని ఆ కాలపు సైన్యములో సేనాపతి వేలి గాయమునకు కట్టు కట్టించుకొనిన పిదపనే సిపాయి తొడ గాయమును చూడవలెనన్నది ప్రకృతినియమమంత సహజముగా నుండెను. తరతమ నిర్ణయమునకు మొదటి ప్రతిపక్షి రోగము కాదు, దర్జా. ఈ సంగతి మఱవరాదు. తిరిగి మన ఆసుపత్రుల ప్రసంగమున దీనితో పని కలదు. లారే శత్రుపక్షపు క్షతగాత్రులకు కూడ చికిత్స చేసెను. నెపోలియను తన మరణశాసనమున ఆయనకు లక్ష ఫ్రాంకులు వ్రాసి, తా నెఱిగినవారిలో ఆయనయే మిక్కిలి సత్పురుషుడని పేర్కొనెను. ఎందఱినో చావునకు పంపిన చక్రవర్తి నోటినుండి అట్టి మాట వెలువడుట ఆలోచింపదగినది.

అయితే, అందఱికంటె ఎక్కువ గాయపడినవానిని ముందు చూడవలెనన్న సూత్రము ఒకచోట చిక్కుపడును. ఎంత చేసినను బ్రతుకడని తెలిసినవాని ముందు వైద్యుడు రెండు గంటలు గడపినచో, ఆ రెండు గంటలలో బ్రతుకదగినవారు నలుగురు పోవుదురు. 1846లో జాన్ విల్సన్ అను బ్రిటిషు నౌకాదళ శస్త్రవైద్యుడు ఈ చిక్కును సూటిగా ఎత్తి చూపెను. శస్త్రచికిత్స తక్షణము చేసినచో ఎవరికి మేలు కలుగునో వారిని ముందు తీసికొని, మిక్కిలి స్వల్ప గాయములవారిని, ఆశ లేనివారిని వెనుకకు ఉంచవలెనని ఆయన మతము. తరువాత క్రిమియా యుద్ధమున రష్యను వైద్యుడు నికొలాయ్ పిరగోవ్ దీనిని ఒక పద్ధతిగా ఏర్పఱచెను. 1854 చివఱ ఆయన సెవస్టొపోల్ చేరినపుడు వైద్యులకు కొదవకంటె క్రమమునకు కొదవ ఎక్కువగా నుండెను. ఎదుట పడినవానికల్లా కట్టు కట్టుచు, కేకలు పెట్టినవానివైపునకల్లా పరుగెత్తుచు వైద్యులు అలసిపోవుచుండిరి. పిరగోవ్ వచ్చినవారిని వచ్చినట్లే విభజించి, వెంటనే శస్త్రచికిత్స కావలసినవారిని ఒకచోట, మఱునాటివఱకు ఆగగలవారిని ఒకచోట, స్వల్ప గాయములవారిని ఒకచోట ఉంచెను. ఆశ లేనివారిని వేఱుచేసి పరిచారికల చేతను, మతగురువుల చేతను పెట్టెను. ఈ కడపటి విషయమును నేను ముఖ్యముగా చెప్పుచున్నాను. ఆశ లేనివారిని విడిచిపెట్టలేదు. శస్త్రచికిత్సా బల్లనుండి మాత్రమే విడిచిపెట్టిరి. దాహమునకు నీరిచ్చుట, చేయి పట్టుకొనుట, ఇంటికి పంపవలసిన మాట వినుట అనునవి కూడ వైద్యములోని భాగములే.

ఇక ఈ పద్ధతి నేడు రోడ్డుమీద ఎట్లు నడచునో ఒక ఉదాహరణమున చూతము. ఒక చిన్న పట్టణమునకు కొంత దూరమున రాత్రివేళ బస్సు బోల్తాపడినదనుకొందము. గాయపడినవారు 20 మంది. మొదటి 108 వాహనమున వచ్చినవారు ఇద్దఱే: వాహనము నడపువాడు, వైద్య సహాయకుడు. చీకటి, ఏడ్పులు, గాజుపెంకులు, డీజెలు వాసన. చుట్టుప్రక్కల పొలములనుండి పరుగెత్తివచ్చినవారు "ఇటు రండి, ఇటు రండి" అని నాలుగు దిక్కుల లాగుచుందురు. ఆ సహాయకుడు మొదట చేయవలసినది ఏ ఒక్కరికిని చికిత్స కాదు. గట్టిగా ఒక కేక వేయవలెను: "నడవగలిగినవాళ్లందరూ ఆ వేపచెట్టు కిందికి రండి!" ఎనిమిదిమంది లేచి పోయిరనుకొందము. ఒక్క మాటతో, ఒక్క నిమిషములో, 20 మంది 12 మంది అయిరి. నడవగలిగిరనగా వారి మెదడు మాట గ్రహించుచున్నది, రక్తము తిరుగుచున్నది, ఊపిరి ఆడుచున్నది. వారికి ఆకుపచ్చ చీటి.

ఈ పద్ధతిని 1983లో కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్ అగ్నిమాపక దళమువారు, హోగ్ ఆసుపత్రివారు కలసి ఏర్పఱచిరి. దీనికి స్టార్ట్ అని పేరు. మిగిలిన పండ్రెండుగురిలో ఒక్కొక్కరికి ఒక నిమిషమునకు మించి కాలమీయరాదని దీని కట్టుబాటు. సహాయకుడు తనకు దగ్గఱనున్నవానితో మొదలుపెట్టును. ఊపిరి ఆడుచున్నదా? ఆడనిచో తల సరిచేసి శ్వాసమార్గమును తెఱచును. అప్పుడు ఊపిరి వచ్చెనా, ఎఱుపు చీటి. రాలేదా, నలుపు. ఊపిరి ఆడుచున్నచో నిమిషమునకు ఎన్నిసార్లు? 30 దాటినచో ఎఱుపు. దాటనిచో మణికట్టున నాడి చూచును. నాడి అందనిచో ఎఱుపు. కొన్నిచోట్ల గోరును నొక్కి విడిచి, తెల్లబడిన గోరునకు 2 సెకనులలో మరల రక్తపు రంగు వచ్చుచున్నదా అని చూచెడివారు; చీకటిలోను, చలిలోను అది నమ్మదగినది కానందున నాడినే చూచుట మేలని తరువాత తెలిసినది. నాడి ఉన్నచో ఒక చిన్న ఆజ్ఞ: "నా చెయ్యి గట్టిగా పట్టుకో." పట్టుకొనలేనిచో ఎఱుపు. ఈ పరీక్షలన్నిటియందు నెగ్గి, నడవలేక మాత్రమే పడియున్నవానికి పసుపు. ఊపిరి, నాడి, తెలివి అను మూడు ప్రశ్నలే తప్ప, నీ పేరేమి, ఊరేమి, ఏమి పని చేయుదువు అను ప్రశ్నలు ఇందు లేవు.

ఈ నడుమ అతడు చేయదగిన చికిత్సలు రెండే: మూసికొనిపోయిన శ్వాసమార్గమును తెఱచుట, ధారగా పోవు రక్తమును ఆపుట. అంతకు మించి ఒక్కరివద్దను నిలువరాదు. ఇది వినుటకు తేలిక, చేయుటకు కఠినము. తొడ యెముక విఱిగి "అన్నా, నన్ను వదిలిపోకన్నా" అని చొక్కా పట్టుకొన్న యువకునికి పసుపు చీటి కట్టి, అతని వ్రేళ్లు విడిపించుకొని, రెండడుగుల అవతల చప్పుడు లేక పడియున్న ముసలమ్మవైపునకు పోవలెను. అతడు నిర్దయుడని చూచువారికి తోచును. నిజమునకు ఆ క్షణమున అతని దయ ఒక్కరిపై కాక పండ్రెండుగురిపై పఱచుకొనియున్నది.

మన భాషలో "అడగనిదే అమ్మయైన పెట్టదు" అను సామెత కలదు. లోకవ్యవహారమున అది నిజమే. తరతమ నిర్ణయము ఈ సామెతను ఎదిరించి నిలుచును. కేక వేయగలిగినవానికి ఊపిరితిత్తులలో గాలి ఉన్నది. అడుగలేనివానినే ముందు చూడవలెను. పాఠశాల క్రీడాస్థలమున ఇద్దఱు పిల్లలు ఢీకొని పడినపుడు ఉపాధ్యాయుడు సహజముగా ఏడ్చు పిల్లవానివద్దకు పరుగెత్తును. ఏడ్వని పిల్లవాడు, లేచి కూర్చుండి శూన్యముగా చూచు పిల్లవాడు, ఒక్కసారి వాంతి చేసికొని "ఏమీ లేదు సార్" అను పిల్లవాడు ముందుగా చూడవలసినవాడు. తలకు తగిలిన దెబ్బ అట్లు మౌనముగా పనిచేయును.

పిల్లల విషయమున ఈ పద్ధతిలోనే ఒక భేదమున్నది. పెద్దలలో గుండె ఆగుటచేత ఊపిరి ఆగుట తఱచు; పిల్లలలో తఱచు ఊపిరి ముందు ఆగి, ఆ పిమ్మట గుండె ఆగును. కావున ఊపిరి ఆగిన బిడ్డకు నాడి ఆడుచున్నచో వెంటనే నల్ల చీటి కట్టరాదు. అయిదు శ్వాసలు ఊది చూడవలెను. 1995లో అమెరికాలో రూపొందిన జంప్‌స్టార్ట్ అను పద్ధతి ఈ అయిదు శ్వాసలను నియమముగా చేసినది. పెద్దలకు అమర్చిన కొలతలోనే పిల్లలను పోయరాదను సంగతి ఉపాధ్యాయులకు నేను చెప్పవలసినది కాదు.

ఆసుపత్రి లోపల జరుగునది ఇంతకంటె నెమ్మదియైన పని. అచ్చట సాధారణముగా అనుభవముగల నర్సు ద్వారము కడ కూర్చుండి, వచ్చినవారి నాడి, రక్తపుపోటు, శ్వాస, జ్వరము, రక్తమందలి ప్రాణవాయువు చూచి వరుస ఏర్పఱచును. ఇంగ్లండులో 1990 తరువాతి దశకమున మాంచెస్టరు నగరమున పుట్టిన పద్ధతిలో అయిదు రంగులున్నవి. ఎఱుపు రంగువానిని తక్షణము, నారింజ రంగువానిని 10 నిమిషములలో, పసుపువానిని 60 నిమిషములలో, ఆకుపచ్చవానిని 120 నిమిషములలో, నీలమువానిని 240 నిమిషములలో వైద్యుడు చూడవలెను. దక్షిణాఫ్రికావారు వైద్యులు తక్కువగా నున్న తమ ఆసుపత్రులకు తగినట్లు వేఱొకటి కల్పించుకొనిరి. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారిది ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ అను మూడు రంగుల పద్ధతి. ఏ పద్ధతి మేలన్నది నిపుణులకు విడిచెదము. ద్వారము కడ ఎవరో ఒకరు కూర్చుండి చూచుట ముఖ్యము. పొలమునుండి వచ్చిన పెద్దాయన చెమటలు పట్టి బల్లమీద కూర్చుండి "ఏమీ లేదమ్మా, కాస్త గ్యాసు పట్టింది" అనును. ప్రక్కన వ్రేలు తెగిన కుఱ్ఱవాడు గగ్గోలు పెట్టుచుండును. పెద్దాయనకు వచ్చిన పది నిమిషములలో గుండె విద్యుల్లేఖనము, అనగా ఈసీజీ, తీయవలెనని ఆ నర్సునకు తెలియును. ఓ.పి. చీటీల వరుసకు ఆ సంగతి తెలియదు. ముందు వచ్చిన చెవులకంటె వెనుక వచ్చిన కొమ్ములు వాడియన్నట్లు, వెనుక వచ్చిన రోగము వాడిగా నుండవచ్చును.

ఈ నిర్ణయము తప్పదా? తప్పును. స్వల్పమును తీవ్రమని ఎంచుట ఒక తప్పు. తీవ్రమును స్వల్పమని ఎంచుట ఇంకొక తప్పు. రెండవదానివలన ప్రాణము పోవును గనుక మొదటిదానిని కొంత ఓర్చుకొందురు. అమెరికా శస్త్రవైద్యుల సంఘమువారు గాయపడినవారి విషయమున రెండవ తప్పు నూటికి 5 లోపున ఉండవలెనని, అందుకొఱకు మొదటి తప్పు నూటికి 25 నుండి 35 వఱకు ఉన్నను సహింపవచ్చునని లెక్క వేసికొనిరి. అయితే పెద్ద ప్రమాదము జరిగినపుడు ఈ ఉదారత కూడ ముప్పు తెచ్చును. అందఱికి ఎఱుపు చీటి కట్టినచో ఎవరికిని కట్టనట్లే. అందుచేత చీటి ఒక్కమాఱు కట్టి ఊరకుండరాదు. వేపచెట్టు క్రింద కబుర్లు చెప్పుచున్న ఆకుపచ్చవాని ప్లీహము లోలోపల పగిలి రక్తము కడుపులో నిండుచుండవచ్చును. మఱి కొంతసేపటికి అతడు చల్లబడి, పాలిపోయి ఎఱుపువాడగును. కొన్ని దేశములలో వాడు చీటీల అడుగున రంగుపట్టీలు వరుసగా నుండును. స్థితి దిగజారినకొలది అడుగు పట్టీని చింపివేయుచు పోవుదురు. ఆకుపచ్చ చింపినచో పసుపు, పసుపు చింపినచో ఎఱుపు మిగులును. కోలుకొన్నవానికి మాత్రము చింపినదానిని అతికింపలేరు గనుక క్రొత్త చీటి కట్టవలసినదే.

ఇంతవఱకు చెప్పినది కొఱత ఆకస్మికముగా వచ్చినప్పటి మాట. 2020 మార్చిలో ఉత్తర ఇటలీలో కోవిడు రోగులు ముంచెత్తినపుడు, అచ్చటి మత్తువైద్యుల, అత్యవసర చికిత్సా వైద్యుల సంఘము తీవ్రచికిత్సా పడకలకు వయఃపరిమితి పెట్టవలసి రావచ్చునని తన సూచనలలో వ్రాసెను. ప్రపంచమంతట దానిపై చర్చ రేగెను. 2021 ఏప్రిలు, మే నెలలలో మన దేశమున ప్రాణవాయువు కొఱకు, పడక కొఱకు బంధువులు పడిన పాట్లు ఇప్పటికిని ఎవరును మఱవలేదు. నా అభిప్రాయమేమన, వయస్సును వయస్సుగా లెక్కింపరాదు. డెబ్బది యేండ్లవాని ఊపిరితిత్తులు బాగుండి నలుబది యేండ్లవానివి చెడియుండవచ్చును. చూడవలసినది ఊపిరితిత్తులను, పుట్టిన సంవత్సరమును కాదు. మిగిలిన ఆయుర్దాయమునుబట్టి మనుష్యుని తూచుట మొదలుపెట్టినచో, సంపాదనబట్టి తూచుట ఎంతో దూరమున లేదు. ఇందుకు ఎదురు చెప్పువారు లేకపోలేదు. తాతకును, మనుమనికిని ఒక్కటే యంత్రమున్నపుడు తాతయే దానిని వద్దనునని వారు వాదింతురు. తాత వద్దనుట త్యాగము. తాతనుండి లాగికొనుట వేఱు.

ఇక మన ఆసుపత్రులకు వత్తము. నాకు ఈ పద్ధతిపై ఎంత గౌరవమున్నదో, దీనిని సాకుగా వాడుకొనువారిపై అంత అనుమానమున్నది. తుపాను రాత్రి పడకలు చాలకపోవుట ఆపద. ప్రతి రాత్రియు చాలకపోవుట ఆపద కాదు, అది పాలన. తరతమ నిర్ణయము ఉన్న పడకలను పంచగలదు గాని లేని పడకను పుట్టింపలేదు. 1992లో పశ్చిమ బెంగాలులో ఒక కూలి రైలునుండి పడి తలకు తీవ్రమైన గాయమైనది. పడక లేదనియో, సాధనము లేదనియో ప్రభుత్వాసుపత్రులు ఒకటి తరువాత ఒకటిగా అతనిని త్రిప్పిపంపినవి. చివఱకు సొంత వ్యయముతో ప్రైవేటు ఆసుపత్రిలో చేరవలసి వచ్చెను. 1996లో సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగము 21వ అధికరణము ప్రసాదించిన జీవించు హక్కునకు భంగమని నిర్ణయించి, అతనికి 25,000 రూపాయల పరిహారమిప్పించినది. ధనాభావమును చూపి ప్రభుత్వము ఈ బాధ్యతనుండి తప్పుకొనరాదని కూడ చెప్పినది. అంతకుముందే 1989లో, ప్రమాదమున గాయపడినవానికి పోలీసు లాంఛనములకొఱకు ఆగక చికిత్స చేయుట ప్రతి వైద్యుని విధియని అదే న్యాయస్థానము ప్రకటించెను. చట్టము ఇంత స్పష్టముగా నున్నను, కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల ద్వారమున రంగు చీటికంటె ముందు రసీదు చీటి అడుగుట మనమెఱుగుదుము. అదియు ఒక తరతమ నిర్ణయమే. అయితే అందు చూచు నాడి మణికట్టుది కాదు, జేబుది.

రెండవ విఘ్నము సిఫార్సు. లారే ఎదుర్కొన్న దర్జా మన ఆసుపత్రులలో ఫోను రూపమున ప్రవేశించును. "మన మనిషి, కాస్త చూడండి" అను ఒక్క మాటతో ఆకుపచ్చవాడు ఎఱుపువాడగును. ఆ మాట చెప్పినవాడు తాను ఒకరికి మేలు చేసితిననియే తలచును. దానివలన వెనుకబడినవాని ముఖము అతనికి కనబడదు. ద్వారము కడ కూర్చుండు నర్సు ఇరువదియైదేండ్ల పిల్ల. ఫోనులో నున్నవాడు పెద్దమనిషి. ఆ పిల్ల తన వరుసను నిలుపుకొనగలుగునట్లు ఆసుపత్రి అధికారి ఆమె వెనుక నిలువనిచో రంగు చీటీలు తోరణములే.

మూడవది, ఆగువారికి చెప్పకపోవుట. వైద్యులపై దాడులను శిక్షించుటకు ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే ప్రత్యేక చట్టము వచ్చినది. చట్టము అవసరమే. కాని దాడి చేయు గుంపులో సగము కోపము, తమను ఎవరును చూడలేదన్న తలంపునుండి పుట్టును. "మిమ్ము చూచితిమి, మీ అబ్బాయికి ఇప్పటికి ప్రమాదము లేదు, లోపల ఊపిరాడని మనిషి ఉన్నాడు, అరగంటకొకసారి వచ్చి చూచెదము, ఈలోగా మగత కమ్మినను, వాంతి అయినను వెంటనే పిలువుడు" అని చెప్పుటకు ఎంత కాలము పట్టును? వాకిట పెద్ద అక్షరములతో, తెలుగులో, ఎవరిని ఏ కారణమున ముందు చూతుమో వ్రాసిన పలకయొకటి వ్రేలాడదీయుటకు ఎంత వ్యయమగును? నేను చూచిన ఆసుపత్రులలో డబ్బు కట్టు గదికి దారి చూపు బాణపు గుర్తులు చాలనున్నవి. ఈ పలక మాత్రము అరుదు. 2009లో అత్యవసర వైద్యమును ప్రత్యేక శాస్త్రముగా మన దేశమున గుర్తించిరి. అందు ఉన్నతపట్టములు పొందిన వైద్యులు వచ్చుచున్నారు. వారితోపాటు పలక కూడ రావలెనని కోరుట అత్యాశ కాదనుకొందును.

పాఠశాలలు ఈ విషయమున చేయదగినది కొంత కలదు. 108 సేవ హైదరాబాదున 2005 ఆగస్టు 15న ప్రారంభమైనది. ఆ సంఖ్య నేడు మూడవ తరగతి పిల్లవానికి కూడ తెలియును. వాహనము వచ్చువఱకు ఏమి చేయవలెనో పదవ తరగతి పిల్లవానికి కూడ తెలియదు. గాయపడినవానికి సహాయము చేసినవారిని కేసులలో ఇరికింపరాదని 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణ రక్షణ కల్పించినది. ఇదియు పెక్కుమందికి తెలియదు. ఒక సాయంకాలపు పీరియడున తరగతి పిల్లలలో 20 మందికి తలకొక చీటి ఇచ్చి, ఒక్కొక్కదానిపై ఒక్కొక్క స్థితి వ్రాయవలెను: "నడవగలవు, చేయి విఱిగినది, ఏడ్చుచున్నావు", "నిమిషమునకు 36 శ్వాసలు, మాటలాడగలవు", "ఊపిరి ఉన్నది, నాడి అందదు, మౌనముగా నున్నావు", "ఊపిరి లేదు, తల సరిచేసినను రాదు." ఇద్దఱు పిల్లలను సహాయకులుగా పంపి, ఏడ్చువారిని నిజముగానే బిగ్గఱగా ఏడువుమనవలెను. మొదటిసారి ఆ ఇద్దఱును ఎవరివద్దకు పరుగెత్తుదురో చూడుడు. రెండవసారి ఎవరివద్దకు పోవుదురో చూడుడు. నల్ల చీటి వచ్చిన పిల్లవాడు "నన్నెందుకు వదిలేశారు?" అని తప్పక అడుగును. ఆ ప్రశ్నకు జవాబు ఉపాధ్యాయుడు చెప్పక, తరగతినే చెప్పనీయవలెను. గంట కొట్టినను ఆ చర్చ ముగియదు. 20 చీటీలు, నాలుగు రంగుల కాగితములు, సెకనుల ముల్లుగల గడియారమొకటి ఉన్నచో ఈ పాఠమునకు చాలును.